గేమ్ మధ్యలో పీసీ హ్యాంగ్ అవుతుంటే దోషం ఏ పార్టులో ఉందో పట్టుకునే పద్ధతి

డిసెంబర్‌లో బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో పార్టులు కొని, రాత్రి బస్సులో కేబినెట్ కాళ్ల దగ్గర, గ్రాఫిక్స్ కార్డు డబ్బా ఒళ్లో పెట్టుకుని అనంతపురం తెచ్చుకుని, నేనే బిగించుకున్న పీసీ అది. మూడు నెలలు ఏ ఇబ్బందీ పెట్టలేదు. ఉగాది దాటిందో లేదో మొదలైంది. మధ్యాహ్నం పూట గేమ్ పెట్టిన అరగంటకో ముప్పావు గంటకో స్క్రీన్ మీద బొమ్మ ఉన్నది ఉన్నట్టు నిలిచిపోయేది, హెడ్‌సెట్‌లో చివరి శబ్దం జుర్ర్‌మంటూ ఆగకుండా సాగేది, మౌస్ కదలదు, కీబోర్డు పలకదు, పవర్ బటన్ నొక్కి పట్టుకుంటే తప్ప దారి లేదు. ఊళ్లో ఒక షాపుకు తీసుకెళ్తే పక్క పలక కూడా విప్పకుండా గ్రాఫిక్స్ కార్డు పోయిందన్నారు, కొత్తదానికి ముప్పై వేలు అవుతుందన్నారు. అంత డబ్బు చేతిలో లేదు కాబట్టి ఆగాను. పది రోజులు ఓపిగ్గా వెతికితే దొరికిన దోషం ర్యామ్‌లో (పీసీ పనిచేస్తుండగా డేటా ఉంచుకునే మెమరీలో) ఉంది, అది కూడా రెండు ర్యామ్ స్టిక్కుల్లో ఒకదానిలో. ముప్పై వేలు పోసి కార్డు మార్చుకుని ఉంటే కొత్త కార్డుతో కూడా అదే హ్యాంగ్ వచ్చేది.

అప్పటినుంచి చుట్టాలవీ స్నేహితులవీ చాలా పీసీలు చూశాను. దాదాపు ప్రతిచోటా జరిగే తప్పు ఒకటే, దోషం ఏ వేళకు, ఏ పరిస్థితిలో వస్తోందో గమనించకుండా పార్టుల మీద పడటం. కాబట్టి ముందే ఒక పాత నోటుబుక్కు పీసీ పక్కన పెట్టుకోండి. హ్యాంగ్ అయిన ప్రతిసారీ తేదీ, టైము, ఏ గేము, ఎంతసేపటికి, గదిలో ఏసీ ఉందా లేదా, ఇంట్లో కరెంటు ఎలా ఉంది, ఇవి రెండు లైన్లలో రాయండి. ఐదారు సార్లు రాసేసరికి ఏదో ఒక పోలిక కనబడుతుంది. నా విషయంలో రాత్రి పదకొండు తర్వాత ఆడినప్పుడు ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదన్న సంగతి నోటుబుక్కు చూస్తేనే తెలిసింది.

హ్యాంగ్ అయిన ఆ నిమిషంలో ఏం చూడాలి

టెన్షన్‌లో వెంటనే రీస్టార్ట్ కొట్టకండి. మొదట కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కి దాని లైటు వెలిగి ఆరుతోందేమో చూడండి. లైటు మారడం లేదు, శబ్దం ఒకే ముక్క దగ్గర చిక్కుకుంది అంటే మిషన్ మొత్తం బిగుసుకుపోయినట్టు. అప్పుడు అనుమానం ర్యామ్, ప్రాసెసర్, మదర్‌బోర్డు, కరెంటు వైపు వెళ్లాలి, గ్రాఫిక్స్ కార్డు కూడా కొన్నిసార్లు ఇలా చేస్తుంది కానీ తక్కువ. బొమ్మ నిలిచిపోయింది లేదా స్క్రీన్ నల్లబడింది, కానీ అవతలివాళ్ల మాటలు వినబడుతూనే ఉన్నాయి, క్యాప్స్ లాక్ లైటు మారుతోంది అంటే గ్రాఫిక్స్ కార్డో, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవరో పడిపోయింది. ఇలాంటప్పుడు విండోస్ కీ, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే డ్రైవర్ మళ్లీ మొదలవుతుంది, బీప్‌మని ఒక్క శబ్దం వచ్చి బొమ్మ తిరిగి వస్తే మీ అనుమానం బలపడినట్టే.

మౌస్ కదులుతోంది కానీ ఏది క్లిక్ చేసినా తెరుచుకోవడం లేదు, పది ఇరవై సెకన్ల తర్వాత అన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి అంటే ఎస్ఎస్‌డీ లేదా హార్డ్‌డిస్క్ వైపు చూడండి. గేము ఒక్కటే ఆగిపోయి, ఆల్ట్ ట్యాబ్ కొడితే డెస్క్‌టాప్ మామూలుగా ఉంటే అది ఎక్కువసార్లు ఆ గేముదో డ్రైవర్‌దో తప్పు, స్క్రూడ్రైవర్ ఇంకా బయటికి తీయకండి. హ్యాంగ్ కాకుండా టప్‌మని ఆరిపోతే, లేదా దానంతట అదే రీస్టార్ట్ అయితే, మొదటి అనుమానం ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును లోపలి పార్టులకు తగ్గట్టు మార్చి ఇచ్చే డబ్బా) మీదే.

ఇక విండోస్ తనంతట తను రాసుకునే చిట్టా ఉంది, ఈవెంట్ వ్యూయర్. అందులో సిస్టమ్ అనే భాగం తెరిచి హ్యాంగ్ అయిన టైము దగ్గర చూడండి. అక్కడ కెర్నల్ పవర్ 41 అని ఎర్రగా కనబడగానే చాలామంది ఎస్ఎంపీఎస్ పోయిందని తేల్చేస్తారు. అది తప్పు. పీసీ సరిగ్గా షట్‌డౌన్ కాలేదు అని మాత్రమే ఆ లైను చెబుతుంది, మీరు పవర్ బటన్ నొక్కి ఆపినా అదే వస్తుంది. దానికి ముందు ఏముందో చూడాలి. డబ్ల్యూహెచ్ఈఏ లాగర్ అన్న పేరుతో 18 నంబరు ఉంటే అది నిజమైన హార్డ్‌వేర్ ఎర్రర్, ప్రాసెసర్ వైపు చూపిస్తుంది. డిస్క్ పేరుతో 7 గానీ 153 గానీ, స్టోరేజ్ డ్రైవర్ పేరుతో 129 గానీ ఉంటే స్టోరేజ్. డిస్‌ప్లే పేరుతో 4101 ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ ఆగిపోయి మళ్లీ లేచినట్టు. మిషన్ మొత్తం ఒక్క దెబ్బకు బిగుసుకుపోతే రాయడానికి కూడా దానికి వ్యవధి ఉండదు కాబట్టి 41 తప్ప ఏమీ కనబడకపోవచ్చు, అది కూడా ఒక ఆధారమే, ర్యామ్ దోషాల్లో ఇలా తరచుగా జరుగుతుంది.

విండోస్‌దా హార్డ్‌వేర్‌దా అన్న సందేహం ఉంటే ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు లాంటి లినక్స్ వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి రెండు గంటలు వీడియోలు పెట్టి వదిలేయండి. అక్కడ కూడా హ్యాంగ్ అయితే దోషం హార్డ్‌వేర్‌దే, విండోస్‌ను ఫార్మాట్ కొట్టే శ్రమ తప్పినట్టే.

ఎండ, దుమ్ము

మన దగ్గర ఇదే పెద్ద అధ్యాయం. ప్రాసెసర్ వేడి ఎప్పుడూ గది వేడి మీద లెక్క. గది 25 డిగ్రీలున్నప్పుడు 75 దగ్గర నడిచిన ప్రాసెసర్, గది 40 అయినప్పుడు అదే పనికి 90 దగ్గర ఉంటుంది, ఏ పార్టూ పాడవ్వకుండానే. ఏప్రిల్ మే నెలల్లో అనంతపురంలో గానీ కర్నూలు, కడపల్లో గానీ మిద్దె పైన గది అంటే ఈ లెక్క ఎంత నిజమో మీకు తెలుసు. అంతర్జాలంలో వీడియోలు చేసేవాళ్లు చూపించే టెంపరేచర్లు ఏసీ గదిలోవి, వాటితో పోల్చుకుని మోసపోకండి.

హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. సెన్సర్లు మాత్రమే చూపించమని పెట్టి, కింద లాగింగ్ బటన్ నొక్కితే ప్రతి రెండు సెకన్లకు అన్ని అంకెలూ ఒక ఫైల్లో రాసుకుంటూ పోతుంది. హ్యాంగ్ అయ్యాక ఆ ఫైలు తెరిచి చివరి పది వరసలు చూడండి. ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు 100 డిగ్రీల దగ్గర, ఏఎండీ రైజెన్ 7000 సిరీస్ 95 దగ్గర, రైజెన్ 5000లో ఎక్కువ మోడళ్లు 90 దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. అంటే వేడెక్కితే సాధారణంగా ముందు గేము నత్తనడక నడుస్తుంది, ఆ తర్వాతే ఆరిపోతుంది. వేడి అంకె మామూలుగా ఉన్నప్పుడే ఠక్కున బిగుసుకుపోయిందంటే ప్రాసెసర్ వేడిని తప్పుపట్టడం కుదరదు. గ్రాఫిక్స్ కార్డులో మాత్రం పైకి కనబడే ఒక్క అంకె చూసి ఊరుకోకండి, హాట్‌స్పాట్ (చిప్పులో అన్నిటికంటే వేడెక్కిన చోటు) అనీ మెమరీ జంక్షన్ (కార్డు మెమరీ చిప్పుల వేడి) అనీ విడిగా ఉంటాయి. మామూలు అంకె 75 చూపిస్తూ హాట్‌స్పాట్ 105 దాటుతుంటే కార్డు లోపల చిప్పు వేడిని దాటించే పేస్టు ఎండిపోయిందనో, ఆ వేడిని లాగే లోహపు రేకుల దిమ్మ, అంటే హీట్‌సింక్, సరిగా ఆనడం లేదనో అర్థం.

దుమ్ము గురించి ఒకటి చెప్పాలి. ధర్మవరంలో మా పిన్ని కొడుకు పీసీ ప్రతి గంటకూ హ్యాంగ్ అవుతోందని ఫోన్ చేస్తే వెళ్లాను. మగ్గాలున్న ఇల్లు. ‘అన్నా, మొన్ననే బ్లోవర్ కొట్టినా, లోపల శుభ్రంగా ఉంది’ అన్నాడు. పైకి చూస్తే నిజమే. ప్రాసెసర్ కూలర్ ఫ్యాన్‌ను నాలుగు క్లిప్పులూ తీసి పక్కన పెడితే, దాని వెనక హీట్‌సింక్ రేకుల ముఖం మీద బూడిదరంగు నమదా లాంటి పొర, మధ్యలో అక్కడక్కడా ఎర్ర పట్టుపోగులు మెరుస్తూ, వేలితో ఒక మూల పట్టి లాగితే దుప్పటి ముక్కలా మొత్తం ఒకేసారి ఊడి వచ్చింది. బ్లోవర్ గాలి ఫ్యాన్ రెక్కల మీద నుంచే పోయింది తప్ప ఆ పొరను కదపలేదు. కాబట్టి ఫ్యాన్ విప్పి చూడాలి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి విపరీతంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ప్లగ్ పీకేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనిచ్చాకే చేయి పెట్టండి. ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం బయటినుంచి ఊదడమే, విప్పొద్దు, ప్లగ్ తీశాక కూడా దాని కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండగలదు.

ఎయిర్ కూలర్‌ను నేరుగా కేబినెట్ వైపు తిప్పి పెట్టేవాళ్లున్నారు. చల్లగా ఉంటుంది, నిజమే, కానీ ఆ గాలిలో తడి ఉంటుంది, మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, కూలర్ గడ్డి మీద తెల్లగా పేరుకునేది అదే. దాన్ని బోర్డు మీదికి కొట్టించొద్దు. కిటికీ వైపు పెట్టి గది మొత్తం చల్లబడనివ్వండి.

కరెంటు

కర్నూలులో ఒక స్నేహితుడి పీసీ సాయంత్రం పూట మాత్రమే, అది కూడా ఒకసారి హ్యాంగ్, ఒకసారి రీస్టార్ట్. అతని చేత కూడా టైములు రాయించాను. ఆరున్నర, ఆరూ నలభై, ఆరున్నర. అపార్ట్‌మెంట్ బోరు మోటారు వేసే వేళ అది. మోటారు లేవగానే ట్యూబ్‌లైటు ఒక్క క్షణం మసకబారేది. ఎస్ఎంపీఎస్ పక్కన ఉన్న స్టిక్కరు మీద ఇన్‌పుట్ 200–240 వోల్టులని ఉంది. ఇది ప్రతి ఒక్కరూ ఇప్పుడే లేచి చూసుకోవాల్సిన అంకె. కొంచెం మంచి ఎస్ఎంపీఎస్‌లు 100–240 వోల్టులు తీసుకుంటాయి, ఇంట్లో వోల్టేజి 230 నుంచి 180కి పడినా వాటికి చలనం ఉండదు. 200 నుంచి మొదలయ్యేవాటికి ఆ తగ్గు తట్టుకునే శక్తి తక్కువ. అతను ఎస్ఎంపీఎస్ మార్చాక మోటారు వేసినా గేము ఆగలేదు.

యూపీఎస్ ఉంది కదా అనుకుంటే దాని సామర్థ్యం చూడండి. 600 వీఏ అని రాసున్న యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే, అది ఆఫీసు కంప్యూటర్‌కు చాలు, గేము నడుస్తున్న పీసీ లోడుకు కుయ్యోమని అరిచి ఆపేస్తుంది. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపితే వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూసి అది వేయండి, ఎందుకంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే మధ్య ఖాళీని ఎస్ఎంపీఎస్ భరించగలిగేది సుమారు 16–17 మిల్లీసెకన్లు మాత్రమే.

కేబినెట్‌ను వట్టి కాళ్లతో నిలబడి తాకితే చురుక్కుమంటోందా? అయితే ఎర్తింగ్ లేదు. ఎస్ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్లు ఆ కొంచెం కరెంటును ఎర్త్ తీగలోకి పంపాలి, ఎర్త్ లేకపోతే అది రేకు మీదే నిలబడుతుంది. యూఎస్‌బీ పరికరాలు ఊడి ఊడి కలవడం, హెడ్‌సెట్‌లో గుయ్యిమనడం, అప్పుడప్పుడూ హ్యాంగ్, ఇవన్నీ దీంతో రావచ్చు. మన నేల పొడి నేల, ఎండాకాలంలో ఎర్త్ గుంత పూర్తిగా ఎండిపోయి పేరుకే మిగులుతుంది. గుంత ఎక్కడుందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి వారానికి రెండు బిందెల నీళ్లు పోయండి, అప్పటికీ తగ్గకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి చూపించండి. ఇది పీసీ కంటే ముందు మనిషికి సంబంధించిన విషయం, నిర్లక్ష్యం వద్దు.

కేబినెట్ లోపల కూడా ఒకటి చూడండి. గ్రాఫిక్స్ కార్డుకు రెండు పవర్ సాకెట్లుంటే చాలామంది ఒకే తీగకున్న రెండు తలలూ గుచ్చేస్తారు. 8 పిన్నుల ఒక్కో కనెక్టర్ లెక్క 150 వాట్లు. బరువైన కార్డుకు ఎస్ఎంపీఎస్ నుంచి రెండు వేరు వేరు తీగలు లాగండి. 16 పిన్నుల కొత్త కనెక్టరైతే టక్‌మని పూర్తిగా లోపలికి దిగిందో లేదో టార్చి వేసి చూడండి, సగం దిగి కరిగిపోయినవి ఉన్నాయి.

ర్యామ్: దోషం వచ్చే వేళకే పరీక్ష పెట్టాలి

నా పీసీ కథ ఇక్కడికి వస్తుంది. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రి పడుకునే ముందు పెట్టాను, నాలుగు పాస్‌లు (పరీక్ష విడతలు) పూర్తయి పొద్దున్నే పచ్చగా పాస్ అని ఉంది. ర్యామ్ బాగుందని రాసేసుకుని వారం రోజులు గ్రాఫిక్స్ కార్డు చుట్టూ తిరిగాను, డ్రైవర్లు మార్చాను, తీగలు మార్చాను. తర్వాత నోటుబుక్కు తిరగేస్తుంటే తట్టింది. హ్యాంగ్‌లన్నీ పన్నెండు నుంచి ఐదు మధ్యలో, నేను పరీక్ష పెట్టింది రాత్రి చల్లగాలిలో. పైగా మెమ్‌టెస్ట్ నడిచేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా ఉంటుంది, గేము ఆడేటప్పుడు ఆ కార్డు వదిలే వేడి గాలి నేరుగా ర్యామ్ మీదికే పోతుంది.

మర్నాడు మధ్యాహ్నం రెండింటికి కిటికీ మూసి, గంటసేపు గేము నడిపి, కేబినెట్ పైన చేయి పెట్టలేనంత వేడెక్కాక, ఆరనివ్వకుండా అప్పటికప్పుడు రీస్టార్ట్ చేసి పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్ ఎక్కించాను. పదకొండో నిమిషంలో మొదటి ఎర్ర లైను పడింది. ఎర్రర్స్ అన్నచోట 1, కాసేపటికి 3, తర్వాత 14. చల్లబడేకొద్దీ కొత్తవి రావడం ఆగిపోయింది.

దీని వెనక కారణం ఉంది. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక చిన్న కెపాసిటర్‌లో దాచిన చార్జి, అది నిరంతరం కారిపోతూ ఉంటుంది కాబట్టే ర్యామ్ దాన్ని క్షణక్షణం మళ్లీ నింపుతూ ఉంటుంది. వేడి పెరిగితే కారడం పెరుగుతుంది. దానికి తోడు డబ్బా మీద రాసే 3600, 6000 లాంటి వేగాలు బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో అన్నది ఆన్ చేస్తేనే వచ్చేవి, అంటే అవి ఒక రకంగా ఓవర్‌క్లాకింగే, ప్రామాణిక వేగం అంతకంటే తక్కువ. డిసెంబర్‌లో అంచు మీద నిలబడ్డ స్టిక్కు ఏప్రిల్‌లో జారిపోయింది, అంతే.

కాబట్టి చేయాల్సింది ఇది. ముందు బయోస్‌లోకి వెళ్లి ఎక్స్ఎంపీ ఆఫ్ చేసి మూడు రోజులు మామూలుగా ఆడండి, హ్యాంగ్ వచ్చే వేళల్లోనే ఆడండి. హ్యాంగ్ ఆగిపోతే ర్యామ్ వేగం దగ్గరే దోషం, కొంచెం తక్కువ వేగం పెట్టుకుంటే సరిపోవచ్చు. ఆగకపోతే ఒక స్టిక్కు తీసేసి ఒక్కదానితో నడపండి, తర్వాత రెండోదానితో. స్టిక్కు మారినా దోషం అదే స్లాటులో వస్తుంటే మదర్‌బోర్డు. రెండు స్టిక్కులుంటే నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి, చాలా బోర్డులకు అదే సరైన జాగా. స్టిక్కు బంగారు పళ్లను పిల్లల తెల్ల రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి ఊది, రెండు పక్కలా టక్‌మనేదాకా నొక్కండి, ఒక్కోసారి అంతటితోనే పోతుంది. మెమ్‌టెస్ట్‌లో ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఎర్రరే, పర్లేదులే అనుకోవడానికి లేదు. ఎర్ర లైన్ల స్క్రీన్‌ను ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి, వారంటీకి పంపేటప్పుడు అదే మీ సాక్ష్యం. నాకు ఆ ఫోటో పంపాక వాదన లేకుండా మార్చి ఇచ్చారు. జతగా కొన్నవైతే రెండూ కలిపి పంపమనడం మామూలే, ఆ పదిహేను రోజులకు వేరే స్టిక్కు ఏదైనా అరువు చూసుకోండి.

స్టోరేజ్

ఇక్కడ అనుమానం రాగానే మొదటి పని డేటా కాపీ చేసుకోవడం, పరీక్షలు తర్వాత. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో 05, సీ5, సీ6 అన్న వరసల్లో (డిస్కులో చెడిన చోట్ల లెక్క) సున్నా కాకుండా అంకె ఉండి, అది వారం వారం పెరుగుతుంటే ఆ డిస్కును నమ్మొద్దు. సీ7 పెరుగుతుంటే డిస్కు మంచిదే, సాటా తీగ చెడింది, వంద రూపాయల తీగ మార్చి చూడండి. ఎం.2 ఎస్ఎస్‌డీ అయితే చాలా బోర్డుల్లో అది గ్రాఫిక్స్ కార్డు కిందే ఉండి వేడికి వేగం తగ్గించుకుంటుంది. దాని మీద బిగించే రేకు అడుగున ప్లాస్టిక్ పొర ఒలవకుండా అలాగే బిగించిన పీసీలు రెండు నేనే చూశాను.

ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు

ప్రాసెసర్ దానంతట అది చెడిపోవడం అరుదు, అందుకే ఇంత కిందకి వచ్చాను. కానీ మీది ఇంటెల్ 13 లేదా 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్ అయితే ఇది పైకి రావాలి. వాటిలో ఎక్కువ పవర్ తీసుకునే మోడళ్లు అవసరానికి మించిన వోల్టేజి వల్ల లోపల్లోపల దెబ్బతింటున్నాయని ఇంటెల్ 2024లో ఒప్పుకుని, ఆగస్టులో 0ఎక్స్129, సెప్టెంబర్‌లో 0ఎక్స్12బి అన్న మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రామ్) సవరణలు ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్లు పొడిగించింది. ఆ సవరణ మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్‌తో వస్తుంది. కొత్త దెబ్బ తగలకుండా ఆపుతుంది తప్ప తగిలిన దెబ్బను మాన్పలేదు. ఎనిమిది, పన్నెండు జీబీ కార్డు ఉండి కూడా గేము మొదట్లో షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాములు) తయారయ్యేటప్పుడు వీడియో మెమరీ చాలడం లేదని ఎర్రర్ వస్తుంటే అది ఈ ప్రాసెసర్ దోషపు గుర్తుగా పేరుపడ్డది. కార్డును తప్పుపట్టకండి.

రైజెన్ మొదటి తరాల్లో ఇంకో విచిత్రం, గేములో బాగానే ఉండి, ఆడటం ఆపి భోజనానికి వెళ్లొచ్చేసరికి బిగుసుకుపోయి ఉంటుంది. బయోస్‌లో పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అన్నదాన్ని టిపికల్ కరెంట్ ఐడిల్‌కు మార్చి చూడండి. అండర్‌వోల్ట్ (వోల్టేజి తగ్గించడం) గానీ ఓవర్‌క్లాక్ (వేగం పెంచడం) గానీ చేసి ఉంటే అన్నీ తీసేసి బయోస్ డిఫాల్టుకు తెచ్చాకే ఏ పరీక్షయినా.

గ్రాఫిక్స్ కార్డుకు నేను వాడే పద్ధతి చాలా తేలిక. డీడీయూ అనే ప్రోగ్రామ్‌తో పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచి కొత్తది వేయండి. ఆ తర్వాత కూడా హ్యాంగ్ వస్తే కార్డు సెట్టింగులు మార్చే ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించి, అదే గేము, అదే వేళ ఆడండి. హ్యాంగ్ ఆగిపోతే కార్డు తీసుకునే కరెంటులోనో, వేడిలోనో ఉంది విషయం, ఎస్ఎంపీఎస్, తీగలు, పేస్టు చూడాలి. పవర్ లిమిట్‌తో తేడా లేక, కోర్ వేగాన్ని వంద మెగాహెర్ట్‌జ్ తగ్గిస్తే ఆగితే కార్డు చిప్పే బలహీనపడింది. ఓసీసీటీ అనే పరీక్షల ప్రోగ్రామ్‌లో వీడియో మెమరీకి విడిగా పరీక్ష ఉంది, అక్కడ ఎర్రర్లు వస్తే సందేహం లేదు, కార్డే. మీ ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉంటే కార్డు పూర్తిగా పీకేసి మదర్‌బోర్డు సాకెట్‌కే మానిటర్ తగిలించి రెండు రోజులు వాడండి, అప్పటికీ హ్యాంగ్ అవుతుంటే కార్డు నిర్దోషి.

అన్నిటికంటే గట్టి పరీక్ష మార్చి చూడటమే, స్నేహితుడి కార్డు మీ పీసీలో, మీ కార్డు అతని పీసీలో. దోషం కార్డుతో పాటు వెళ్లిందా, ఇక్కడే ఉండిపోయిందా అన్నది ఒక్క మధ్యాహ్నంలో తేలిపోతుంది. ఎస్ఎంపీఎస్‌ను అయితే ఇలా అరువు తెచ్చి చూడటమే దాదాపు ఏకైక మార్గం, సాఫ్ట్‌వేర్‌లో కనబడే 12 వోల్టుల అంకె అంత నమ్మదగినది కాదు. ఒక్క జాగ్రత్త, మాడ్యులర్ (తీగలు డబ్బా నుంచి ఊడి వచ్చే రకం) ఎస్ఎంపీఎస్ మారిస్తే దాని తీగలు కూడా మార్చాలి. పాత తీగలు కొత్త డబ్బాకు సరిగ్గా పట్టినట్టే ఉంటాయి, కానీ ఎస్ఎంపీఎస్ వైపు పిన్నుల వరస కంపెనీకొకటి, తప్పు తీగతో డిస్కులు కాలిపోతాయి.

మార్చేటప్పుడు ఒక్కసారికి ఒక్కటే. ఎక్స్ఎంపీ ఆఫ్ చేసి, డ్రైవర్ వేసి, తీగ మార్చి, దుమ్ము కొట్టి, అన్నీ ఒకే ఆదివారం చేసేస్తే హ్యాంగ్ పోవచ్చు కానీ దేనివల్ల పోయిందో తెలియదు, మళ్లీ వచ్చినప్పుడు మొదటికి వస్తారు. ఒకటి మార్చాక, ఇదివరకు ఎంతసేపటికి హ్యాంగ్ వచ్చేదో దానికి మూడింతల సేపు ఆడి చూసి అప్పుడు నోటుబుక్కులో టిక్కు పెట్టండి.

ఇవన్నీ చేసినా దొరక్కపోతే మిగిలేది మదర్‌బోర్డు, దాన్ని ఇంట్లో తేల్చడం కష్టం, బెంగళూరుకో హైదరాబాదుకో పంపాల్సిందే. పంపేటప్పుడు ఆ నోటుబుక్కు పేజీల ఫోటోలు, మెమ్‌టెస్ట్ ఫోటోలు, హెచ్‌డబ్ల్యూఇన్ఫో ఫైలు కలిపి ఇవ్వండి. ముఖ్యంగా అక్కడ ఏసీ గదిలో బల్ల మీద పదినిమిషాలు నడిపి బాగానే ఉందని తిప్పి పంపకుండా, ‘గది 38 డిగ్రీలు దాటాక, గేము మొదలైన ముప్పావు గంటకు వస్తుంది’ అని కాగితం మీద రాసి డబ్బాలో పార్టు పక్కనే పెట్టండి.